ఫిజిక్స్, ఆస్ట్రానమీ చెప్పడానికి యూనివర్సిటీ స్టూడెంట్‌ను ఎలా వెతకాలి? మా అమ్మాయి విషయంలో మేం చేసింది

నమస్తే అండి. హనుమకొండలో తొమ్మిదో తరగతి చదివే మీ బాబుకి ఆకాశమంటే ప్రాణం, స్కూల్లో ఏమో ఫార్ములాలు బట్టీ పట్టిస్తున్నారు, కోచింగ్‌లో అడిగితే సిలబస్‌లో లేదంటున్నారు అని రాశారు. యూనివర్సిటీలో చదివేవాళ్లు ఎవరైనా ట్యూషన్ చెప్తారా, ఎక్కడ దొరుకుతారు, ఎంత ఇవ్వాలి, ఆన్‌లైన్ అయితే పనికొస్తుందా, రేపు జేఈఈకి అడ్డం కాదా అని అడిగారు. మూడేళ్ల కిందట నేనూ ఇవే ప్రశ్నలతో తిరిగాను. మాది హైదరాబాద్, హబ్సిగూడ. మా అమ్మాయి అప్పుడు తొమ్మిది, ఇప్పుడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ.

ముందు మేం డబ్బు పోగొట్టుకున్న సంగతి చెప్తాను. ట్యూటర్లను చూపించే ఒక ఆన్‌లైన్ సర్వీసుకి రిజిస్ట్రేషన్ కింద 2,000 కట్టాను. ఆస్ట్రానమీ వచ్చినవాళ్లు కావాలని స్పష్టంగా చెప్పినా వాళ్లు పంపినాయనకు స్కూల్ ఫిజిక్స్ తప్ప వేరే తెలియదు. పిల్ల శని వలయాల గురించి అడిగితే "అవి పరీక్షకి రావమ్మా" అన్నాడు. అది వినకూడదనే కదా మనం ఇంటికి మనిషిని పిలిచింది! ఆ డబ్బు తిరిగి రాలేదు. అందుకని మధ్యవర్తుల జోలికి వెళ్లకుండా నేరుగా డిపార్ట్‌మెంట్‌కే వెళ్లమని చెప్తాను.

మాకు ఉస్మానియా దగ్గర. అక్కడ ఆస్ట్రానమీకి విడిగా డిపార్ట్‌మెంట్ ఉంది, ఎమ్మెస్సీ ఆస్ట్రానమీ ఉంది. మన దేశంలో చాలా యూనివర్సిటీల్లో ఇది ఫిజిక్స్‌లో ఒక భాగం మాత్రమే, విడిగా ఉండదు. దీని వెనక పెద్ద కథే ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంతంగా పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ 1919లో ఉస్మానియా కిందకు వచ్చింది. తర్వాత ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్ దగ్గర 48 అంగుళాల టెలిస్కోప్‌తో ఇంకో అబ్జర్వేటరీ కట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. ఆ రోజు తలుపులు వేసుకుని ఇంట్లోనే కూర్చున్నామని మా అత్తమ్మ ఇప్పటికీ చెప్తుంది. ఇంత చరిత్ర పక్కనే పెట్టుకుని నేను ఎక్కడెక్కడో వెతికాను.

ఒక శనివారం పొద్దున డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి, అక్కడున్న ఒక మేడమ్‌ని అడిగాను. "చీటీ రాసివ్వండి, పిల్లలకు చెప్తాను" అన్నారు. ఆ చీటీలో ఏం రాస్తామన్నది ముఖ్యమండీ. "ట్యూటర్ కావలెను" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. నేను రాసింది ఇది: తొమ్మిదో తరగతి అమ్మాయి, గ్రహాలు నక్షత్రాలంటే బాగా ఇష్టం, మార్కుల కోసం కాదు, వారానికి రెండు సాయంత్రాలు గంటన్నర చొప్పున, ఇల్లు క్యాంపస్‌కి దగ్గర, గంటకు 400, క్లాసు తెలుగులో జరగాలి. కింద నా ఫోన్ నంబర్. డబ్బు సంగతి ముందే రాయడం వల్ల పిల్లలకు మొహమాటం ఉండదు. ఐదు రోజుల్లో నాలుగు ఫోన్లు వచ్చాయి. ముగ్గుర్ని ఇంటికి పిలిచాను, ముగ్గురికీ డెమో క్లాసుకి కూడా డబ్బిచ్చాను. స్టూడెంట్స్ బస్సెక్కి వచ్చి గంట కూర్చుంటారు. ఊరికే చెప్పించుకోవడం నాకు మనస్కరించలేదు.

ముగ్గుర్నీ ఒకటే అడిగాను. చంద్రుడు మనకెప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడెందుకో మా పిల్లకి చెప్పండి అన్నాను.

మొదట వచ్చింది ఇంజినీరింగ్ అబ్బాయి, మంచి ర్యాంకు. కాగితం తీసుకుని చంద్రుడి భ్రమణ కాలం, పరిభ్రమణ కాలం సమానం అని రాసి, కింద గీత గీసి, "అంతే" అన్నాడు. రాసింది కరెక్టే. మా అమ్మాయి తల ఊపింది కానీ దానికి అర్థం కాలేదని తల్లిని కాబట్టి నాకు తెలుస్తుంది. రెండో ఆయన పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఎంతో తెలిసినవాడు, ఇష్టంగా చెప్పాడు, కానీ పది నిమిషాల్లో టైడల్ లాకింగ్, టార్క్ దాకా వెళ్లిపోయాడు. పైగా రీసెర్చ్ పని మీద నెలలో సగం రోజులు ఊళ్లో ఉండనని ఆయనే చెప్పాడు.

మూడో అమ్మాయి ఎమ్మెస్సీ ఫస్టియర్, పాలమూరు వైపు పల్లెటూరి నుంచి వచ్చింది. కాగితం ముట్టుకోలేదు. డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ తెచ్చి హాలు మధ్యలో వేసింది. "ఇది భూమి. నువ్వు చంద్రుడివి. ముఖం కుర్చీ వైపే పెట్టి దీని చుట్టూ తిరుగు" అంది. మా అమ్మాయి పక్క అడుగులు వేస్తూ ఒక చుట్టు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు, మొదట నీకు ఎదురుగా ఏముంది?"

"టీవీ గోడ అక్కా."

"తర్వాత?"

"కిటికీ, తర్వాత దేవుడి గూడు, తర్వాత తలుపు. మళ్లీ టీవీ."

"మరి కుర్చీకి నీ వీపు ఒక్కసారైనా కనిపించిందా?"

మా అమ్మాయి కాసేపు అలాగే నిలబడిపోయింది. తర్వాత "అంటే నేనూ ఒకసారి తిరిగినట్టే కదా అక్కా!" అని గట్టిగా అరిచింది. ఆ రోజే ఆ అమ్మాయిని ఖాయం చేసుకున్నాం.

మీరు కూడా డెమోలో మార్కుల మెమోలు చూడకండి. ఇలాంటి ప్రశ్న ఒకటి అడిగి, మీరు పక్కన కూర్చుని ట్యూటర్‌ని కాదు, మీ బాబు ముఖం చూడండి. ఇంకో మాట. వాళ్లకు తెలియని ప్రశ్న ఎదురైతే ఏం చేస్తారో చూడాలి. మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైంది ఇదే అనిపించింది. ఎందుకో చెప్తాను.

డిసెంబర్ సెలవుల్లో ఆ అమ్మాయి మా డాబా మీద మీటరు కర్ర ఒకటి నిలబెట్టించింది. దాని చుట్టూ సుద్దముక్కతో వృత్తం గీయించింది. పొద్దున నీడ కొస ఆ గీతను తాకిన టైము 11 గంటలు. మధ్యాహ్నం మళ్లీ అదే గీతను తాకింది 1:28కి. రెండింటికీ సరిగ్గా మధ్య అంటే 12:14. సూర్యుడు బాగా పైకొచ్చేది అప్పుడన్నమాట. ఆ టైముకి నీడ 86 సెంటీమీటర్లు. కర్ర ఎత్తు, నీడ పొడవు, ఆ రోజుల్లో సూర్యుడు భూమధ్యరేఖకు 23.4 డిగ్రీలు దక్షిణాన ఉంటాడన్న లెక్క, వీటి నుంచి హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీల చిల్లర అని మా పిల్లే కట్టింది. టెన్త్ ట్రిగనామెట్రీ దానికి ఆ రోజు డాబా మీదే వచ్చేసింది.

"మరి 12 గంటలకు కదా రావాలి, 12:14 ఏంటక్కా?" అని అడిగింది. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, అది కాకినాడ దగ్గర్లో పోతుంది, మనం దానికి నాలుగు డిగ్రీలు పడమట ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం అని అక్క చెప్పింది. వెంటనే మా పిల్ల, "అయితే 12:16 రావాలి కదా?" అంది.

ఆ అమ్మాయి ఆగింది. "రెండు నిమిషాలు మన కొలతలో తప్పు కావచ్చు, ఇంకో కారణం కూడా ఉంది. అది నాకు ఇప్పుడు లెక్కతో సహా చెప్పడం రాదు. బుధవారం చూసుకుని వస్తాను" అంది. బుధవారం నాలుగు పేజీలు రాసుకుని వచ్చింది. భూమి తిరిగే దారి కాస్త కోలగా ఉండటం, భూమి ఇరుసు వాలి ఉండటం, ఈ రెండింటి వల్ల సూర్యుడు గడియారానికి ఒకసారి ముందు, ఒకసారి వెనక ఉంటాడని చెప్పింది. నవంబర్ మొదట్లో 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. "అయితే ఫిబ్రవరిలో 12:30 రావాలి" అని ఇద్దరూ కలిసి గోడ మీద క్యాలెండర్‌లో రాసుకున్నారు. ఫిబ్రవరి రెండో ఆదివారం మళ్లీ కర్ర పెట్టి కొలిస్తే 12:30 వచ్చింది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని పైకి వెళ్లేసరికి ఇద్దరూ చేతులు పట్టుకుని గంతులేస్తున్నారు.

తెలియదని ఒప్పుకుని, చెప్పిన రోజుకి తెలుసుకుని వచ్చే మనిషిని మా పిల్ల అంతకుముందు చూడలేదు. తర్వాత అది కూడా లెక్క రాకపోతే దాచిపెట్టడం మానేసింది.

అక్క తెలుగులో చెప్పడం వల్ల ఇంకో మేలు జరిగింది, మా అత్తమ్మ కూడా క్లాసులో కూర్చునేది. చలికాలం రాత్రి ఆమె గొల్లకావడి, పిల్లలకోడి చూపిస్తే, ఆ అమ్మాయి ఇది ఓరియన్ బెల్ట్, అది కృత్తికలు అని కలిపింది. రోహిణి కార్తె ఎండల్లో రోహిణి నక్షత్రం ఎందుకు కనిపించదని అడిగింది అత్తమ్మే. సూర్యుడు ఆ నక్షత్రం వైపే ఉండటాన్నే కార్తె అంటున్నాం, కాబట్టి అది పగలు సూర్యుడితో పాటే ఉంటుంది అని చెప్తే ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడే ట్యూటర్ ఎంత గొప్పవాడైనా మా ఇంట్లో ఇది జరిగేది కాదు.

ఇక డబ్బు. నెలకు ఎనిమిది క్లాసులు, 12 గంటలు, 4,800. ఒకటో తారీఖునే ఫోన్‌పే చేసేదాన్ని. హాస్టల్ పిల్లలకు ఆ డబ్బు మెస్ బిల్లు, పుస్తకాలు. పదో తారీఖు దాకా లాగితే వాళ్లు అడగలేక ఇబ్బంది పడతారు. మీ ఊళ్లో రేటు వేరుగా ఉండొచ్చు, కానీ బేరం మాత్రం ఆడకండి.

నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. యూనివర్సిటీ పరీక్షలు ఎప్పుడో ముందే అడగలేదు. సరిగ్గా మా అమ్మాయి పరీక్షల ముందు అక్కకి సెమిస్టర్ వచ్చి మూడు వారాలు క్లాసులు లేవు. ఇంట్లో ఒకటే టెన్షన్. మొదటి రోజే ఇద్దరి పరీక్షల తేదీలు పక్కపక్కన రాసుకుంటే ఆ గొడవ ఉండదు. ఇంకోటి, మొదట్లో నేను వారం వారం టెస్టు పెట్టమన్నాను. "ఆంటీ, ఒక్క నెల వద్దండీ, దానికి భయం పోనివ్వండి" అని మెల్లగా చెప్పింది. వినడం మంచిదైంది.

ఐడీ కార్డు చూడటం, క్లాసు హాల్లోనే జరగడం, పెద్దవాళ్లు ఒకరు ఇంట్లో ఉండటం, ఇవి అబ్బాయైనా అమ్మాయైనా పాటించండి. ట్యూటర్‌కి కూడా అదే క్షేమం.

జేఈఈ సంగతి నిజాయతీగా చెప్తాను. వారానికి మూడు గంటలు పోయినందుకు నష్టం కనిపించలేదు. వెక్టర్లు, ట్రిగనామెట్రీ, గ్రావిటేషన్ దానికి ఇంటర్‌లో కొత్తగా అనిపించలేదు. ఒలింపియాడ్ కూడా రాసింది. ఇంటర్ పూర్తికాని పిల్లలకు ఫిజిక్స్ టీచర్ల సంఘం ఐఏపీటీ నవంబర్‌లో ఆస్ట్రానమీ పరీక్ష ఎన్ఎస్ఈఏ పెడుతుంది. అందులో నెగ్గితే ముంబైలోని హోమీ భాభా సెంటర్ వాళ్ల రెండో దశ, ఆ తర్వాత క్యాంపు, చివరికి అంతర్జాతీయ పోటీకి ఐదుగురి జట్టు. 2025లో ఆ పోటీ ముంబైలోనే జరిగింది. మా అమ్మాయి మొదటి దశ దాటలేదు. రెండు రోజులు బాధపడింది, మూడో రోజు అక్కకి ఫోన్ చేసి తప్పిన లెక్కలు అడిగింది. నాకు అది చాలు.

మీ ఊళ్లో అయితే కాకతీయ యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో, ఎన్ఐటీ వరంగల్ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో చీటీ ఇవ్వండి. ఆస్ట్రానమీ ప్రత్యేకంగా చదవకపోయినా ఫిజిక్స్ గట్టిగా వచ్చి, రాత్రి డాబా ఎక్కే ఓపిక ఉంటే తొమ్మిదో తరగతికి సరిపోతుంది. లోతుగా కావాలంటే ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ), తిరుపతిలోని సైన్స్ విద్యాసంస్థ ఐసర్ పిల్లలతో నెలకు రెండు ఆన్‌లైన్ క్లాసులు కలపొచ్చు. పూర్తిగా ఆన్‌లైన్ మాత్రం ఈ వయసుకి నేను వద్దంటాను, కుర్చీ చుట్టూ తిప్పడం ఫోన్‌లో కుదరదు.

టెలిస్కోప్ ఇప్పుడే కొనకండి. ఫోన్‌లో స్టెల్లారియం ఉచితం, అది పెట్టుకుని ఒక మీటరు కర్ర, సుద్దముక్క ఇవ్వండి. మా హైదరాబాద్‌లో మే 9న 12:12కి నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. మీరు మాకు కాస్త ఉత్తరాన ఉన్నారు కాబట్టి మీకు రెండు మూడు రోజుల తర్వాత వస్తుంది. ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో కొత్తగా వచ్చే ట్యూటర్‌ని, బాబుని కలిసి లెక్క కట్టమనండి. ఎంత వచ్చిందో నాకూ రాయండి, మా అమ్మాయి చూస్తానంటోంది.