ఫైర్‌బాల్ ఎక్కడ పడాలో విజార్డ్‌నే చెప్పనివ్వండి

డైస్ వేస్తూ పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ)లో విజార్డ్, అంటే మంత్రగాడు, మ్యాపు మీద గళ్లు లెక్కపెట్టి, మనవాళ్లకి తగలకుండా సరిగ్గా వాళ్ల పక్క గడి దాకా ఫైర్‌బాల్ (మంటై పేలే మంత్రం) వేస్తానంటే డీఎం (ఆట నడిపేవాడు) ఒప్పుకోవాలా అని ఒకరు అడిగారు. ఒప్పుకోవాలి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ఒప్పుకోకపోవడం వల్లే మా గుంపులో ఒక మంచి ఆటగాడు రావడం మానేశాడు.

మియాపూర్‌లో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో ఆదివారాలు డీ అండ్ డీ ఐదో ఎడిషన్ ఆడేవాళ్లం. నా విజార్డ్ అప్పుడే ఐదో లెవెల్‌కి వచ్చాడు, అదే మొదటి ఫైర్‌బాల్. చార్టు మీద గళ్లు గీసి, శత్రువులైన గాబ్లిన్లకి బదులు క్యారమ్స్ నల్ల కాయిన్లు పెట్టాం. మా ఫైటర్ (ఆయుధంతో పోరాడే పాత్ర) గుమ్మంలో ఒక్కడే నిలబడ్డాడు. ఎదురుగా ఇద్దరు గాబ్లిన్లు, వాళ్ల వెనక హాల్లో ఐదుగురు. "ఇక్కడ పేలితే మంట వాడి ముందు గడితో ఆగిపోతుంది" అని వేలు పెట్టి చూపించాను.

డీఎం "నీ దగ్గర టేపు ఉందా?" అని ఇంటెలిజెన్స్ చెక్ (తెలివికి డైస్ వేసే పరీక్ష) అడిగాడు. 15 రావాలట. డైస్ మీద 6 పడింది, తెలివికి నాకున్న 4 కలిపినా 10. మంట రెండు గళ్లు ఇవతల పడింది. దెబ్బకి వేసిన ఎనిమిది డైస్ కలిపితే 31. ఫైటర్‌కి సేవింగ్ త్రో (దెబ్బ తగ్గించుకోడానికి వేసే డైస్) తప్పింది, ఉన్నవి 27 ప్రాణం పాయింట్లు. పడిపోయాడు. ఆ పాత్ర ఆడేవాడు ఏమీ అనలేదు, డైస్ సంచిలో వేసుకున్నాడు. తర్వాతి ఆదివారం రాలేదు.

అంతకుముందు టర్న్‌లోనే మా విలుకాడు అదే ఫైటర్ భుజం పక్కనుంచి బాణం వేశాడు. నీకు అంత గురి ఉందా అని వాడిని ఎవరూ అడగలేదు! 150 అడుగుల లోపు ఏ చోటైనా నువ్వే ఎంచుకోవచ్చని ఆ మంత్రంలోనే రాసి ఉంది. ఏళ్ల తరబడి అదే చదువు చదివినవాడికి ఆ మాత్రం అంచనా ఉండదా?

పాత రోజుల్లో ఫైర్‌బాల్ ఇంత కచ్చితంగా వేసే వీలు ఉండేది కాదని కొందరంటారు. నిజమే, 1978 నాటి రూల్స్‌లో ఫైర్‌బాల్ సుమారు 33,000 ఘనపుటడుగుల చోటు నింపేది, ఇరుకు గదిలో వేస్తే మన మీదకే వచ్చేది. కానీ అది ముందే రాసి ఉన్న రూల్. వేసేవాడికి తెలుసు. నోట్లోంచి మంత్రం వచ్చాక కొత్త చెక్ పెట్టడం వేరు.

గళ్లు లెక్కపెడితే టైమ్ వేస్ట్ అవుతుందన్న మాట కూడా ఒప్పుకోను. టైమ్ తినేది గళ్లు లెక్కపెట్టేవాడు కాదు, ఇరవై నిమిషాలు ఫోన్ చూసి తన వంతు రాగానే "ఎవరెక్కడున్నారు?" అనేవాడు. గోలీలాటలో జాన వేసి కొలిచినంత సేపు కూడా పట్టదు ఇది.

ఇప్పుడు నేనే డీఎంని. మా మ్యాపులో గడి అంగుళం, అంటే 5 అడుగులు. ఫైర్‌బాల్ వ్యాసార్ధం 20 అడుగులు కాబట్టి మంట వ్యాసం 8 అంగుళాలు రావాలి. ఇంట్లో టిఫిన్ ప్లేటు సరిగ్గా అంతే ఉంది. దాని చుట్టూ బైండింగ్ వైరు వంచి రింగు చేశాను. మధ్య బిందువు గళ్ల గీతలు కలిసే చోట ఉండాలి, సగం గడి లోపల పడితే తగిలినట్టే. రింగు పెట్టి చెయ్యి తీసేవరకూ ఎంతైనా జరుపుకోమంటాను, తీశాక జరపనివ్వను. అప్పటినుంచి మా టేబుల్ దగ్గర ఫైర్‌బాల్ మీద గొడవ రాలేదు.