బాబు గార్డియన్‌షిప్ గురించి అడిగిన అమ్మాయికి

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాలుగేళ్లుగా ఇంటి ముఖం చూడని మనిషికి బాబు మీద ఏ హక్కూ లేకుండా కోర్టులో రాయించుకోవాలని ఉందనీ, అందుకు ఏం చేయాలో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. కుటుంబ న్యాయస్థానంలో కౌన్సిలర్‌గా పనిచేసి రిటైరైన దాన్ని కనుక ఇదే కోరికతో వచ్చిన తల్లులను చాలామందిని చూశాను. వాళ్లకు మొదట చెప్పిన మాటే నీకూ చెబుతున్నాను. బిడ్డను చట్టప్రకారం వేరొకరికి దత్తత ఇస్తే తప్ప, బతికున్న తండ్రికి బిడ్డతో ఉన్న సంబంధాన్ని ఒక్క ఉత్తర్వుతో తెంచేసే పద్ధతి మన దగ్గర లేదు. నీ స్నేహితురాలు ఫోనులో చెప్పిన పద్ధతి అమెరికాది, దాన్ని పట్టుకుని ఇక్కడ పిటిషన్ వేస్తే మొదటి వాయిదాలోనే చిక్కు వస్తుంది.

నువ్వు అడగవలసినది వేరే ఉంది. బాబు నీ కస్టడీలోనే ఉండాలనీ, గార్డియన్‌గా నీ ఒక్కదాని సంతకమే చెల్లాలనీ కోర్టు చేత చెప్పించుకోవాలి. నీ ఉత్తరాన్ని మళ్లీ ఒకసారి చదువుకో: పాస్‌పోర్టు, బడి మార్పు, టాన్సిల్స్ ఆపరేషన్‌కు ఆసుపత్రి వాళ్లు పెట్టిన పేచీ, మూడూ సంతకం దగ్గర ఆగినవే.

ఈ సంతకం తగవు కొత్తది కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ మైనరు బిడ్డకు తండ్రిని సహజ సంరక్షకుడిగా చెప్పి, ఆయన తర్వాత తల్లిని పేర్కొంది. గీతా హరిహరన్ అనే రచయిత్రి తన కొడుకు పేరిట బాండ్లకు దరఖాస్తు చేస్తే, తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు తిప్పి పంపింది. ఆ కేసులో 1999లో సుప్రీంకోర్టు, తండ్రి చనిపోయినప్పుడే కాక, ఏ కారణం చేతనైనా అతడు అందుబాటులో లేనప్పుడూ, బిడ్డను బొత్తిగా పట్టించుకోనప్పుడూ కూడా తల్లే సహజ సంరక్షకురాలు కాగలదని తేల్చింది. నీ పిటిషన్‌కు ఆ తీర్పే ఆధారం. అదే చట్టం పదమూడో సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని చెబుతుంది గనుక, నీ మనసు ఎంత నొచ్చిందన్న దానికంటే బాబుకు ఏది మేలన్న దాని మీదే వాదన నడవాలి. భర్త మీద కోపంతో పేజీలకు పేజీలు నింపిన పిటిషన్లు జడ్జిగారి ఓపికను పరీక్షించడం తప్ప చేసిందేమీ లేదు.

పిటిషన్ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద మన విశాఖ ఫ్యామిలీ కోర్టులోనే వేయవచ్చు. ఆ చట్టం ప్రకారం మైనరు మామూలుగా ఎక్కడ నివసిస్తే అక్కడి కోర్టుకే అధికారం కాబట్టి, అతడు పారాదీప్‌లో ఉన్నా ఇంకెక్కడ ఉన్నా నువ్వు అక్కడికి పరుగెత్తనక్కరలేదు. అయితే నువ్వు ఇంకా విడాకులకు వేయలేదు. రెండేళ్లకు పైగా వదిలేసి వెళ్లడం హిందూ వివాహ చట్టంలో విడాకులకు ఒక కారణం, ఆ కేసులోనే ఇరవై ఆరో సెక్షన్ కింద బిడ్డ కస్టడీ, పోషణ కూడా అడగవచ్చు. ఎలాగూ విడిపోవాలనే నీ నిశ్చయమైతే రెండు కేసుల చుట్టూ తిరగడం కంటే ఇదే మంచిదని నా అభిప్రాయం. నీ వకీలు వేరేగా చెబితే కారణం అడిగి తెలుసుకో.

గెలుపు ఓటములు కాగితాల మీదే ఆధారపడతాయి. కేజీహెచ్‌లో పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, జీవీఎంసీ జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, బడి ఫీజు రసీదులు, ప్రోగ్రెస్ కార్డుల మీద నీ సంతకాలు, పేరెంట్స్ మీటింగుకు వచ్చింది నువ్వేనని హెడ్మాస్టరు గారి చేత రాయించిన ఉత్తరం, నీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ తేదీల వరుసలో పేర్చుకో. అతడు ఒక్క రూపాయి పంపలేదని నోటితో చెప్పడం కంటే, నాలుగేళ్ల పాసు పుస్తకంలో ఆ పేరున జమ ఒక్కటీ కనబడకపోవడం బలంగా పలుకుతుంది.

అన్నిటికంటే విలువైన కాగితం ఇంకొకటి ఉంటుంది. అతని ఆఖరి చిరునామాకు, అత్తవారింటికి, బాబు ఖర్చుల సంగతి అడుగుతూ మర్యాదగా రెండు ఉత్తరాలు రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో ఇప్పుడే పంపు. తీసుకుంటే, అందినట్టు తపాలా వారిచ్చే రుజువు నీకు సాక్ష్యం. తిరిగి వస్తే పోస్ట్‌మ్యాన్ కవరు మీద తేదీ వేసి, ఆ మనిషి అక్కడ లేడనో తీసుకోనన్నాడనో రాసి పొడిసంతకం పెడతాడు. ఆ కవరును విప్పకు, చించకు, దాని మీద నువ్వేమీ రాయకు, రసీదుతో సహా అలాగే దాచు. కోర్టులో విప్పి చూపించాల్సిన వస్తువది.

అతని ఆచూకీ నీకు తెలిసి కూడా తెలియదని రాయించమని ఎవరైనా చెబితే చెవిన పెట్టకు. తండ్రికి నోటీసు అందాలనేది నియమం. నిజంగా దొరకకపోతే కోర్టు అనుమతితో పత్రికలో ప్రకటన వేయిస్తారు, అప్పటికీ రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే అతడు లేకుండానే, విచారణ జరుపుతారు. కాని నోటీసు సరిగా అందలేదని అతడు తర్వాత రుజువు చేసుకుంటే, ఉత్తర్వు సంగతి తనకు తెలిసిన నాటి నుంచి ముప్పై రోజుల్లోగా దాన్ని కొట్టివేయమని అడగవచ్చు. అప్పుడు నువ్వు పడిన శ్రమంతా మొదటికి వస్తుంది.

మీ అన్నయ్య చెప్పిన స్టాంపు కాగితం విషయం వేరే రాయాలి. అతని చేత హక్కులు వదులుకున్నట్టూ, బదులుగా నువ్వు మనోవర్తి అడగనట్టూ వంద రూపాయల స్టాంపు మీద రాయించుకుంటే సరిపోతుందన్నాడట. ఆ కాగితం పాస్‌పోర్టు ఆఫీసులోనూ పనికిరాదు, కోర్టులోనూ నిలవదు. బిడ్డ పోషణ బిడ్డ హక్కు, దాన్ని వదులుకునే అధికారం నీకూ లేదు. పోషణ ఇప్పించే వెనకటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నూట ఇరవై ఐదో సెక్షన్ 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో నూట నలభై నాలుగుగా ఉంది, దాని కింద బాబు కోసం వేరుగా అడగవచ్చు. పోషణ ఖర్చు దరఖాస్తు చేసిన తేదీ నుంచే ఇప్పించాలని 2020లో రజనీష్ – నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గనుక ఆలస్యం చేసిన ప్రతి నెలా బాబుకే నష్టం. పైగా ఆ తండ్రికి రేపు ఏదైనా ఆస్తి ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీడు మొదటి తరగతి వారసుడు. అతని పేరును పూర్తిగా చెరిపేయాలన్న నీ పంతం నెరవేరితే పోయేది అదే.

నోటీసు చూసి అతడు ఊడిపడితే కోర్టు అతనికి బాబును చూసే అవకాశం కొంత ఇవ్వవచ్చు. కొట్టడం, తాగి రావడం వంటి భయం ఉంటే ఆ సంగతి రుజువులతో ముందే చెప్పి, చూపించడం కోర్టు ప్రాంగణంలోనే జరగాలని అడుగు. అలాంటివేమీ లేకుండా ససేమిరా అంటే నీ మీదే చెడు అభిప్రాయం పడుతుంది. బాబుకు తెలివి వచ్చిందనిపిస్తే జడ్జిగారు వాణ్ణి విడిగా పిలిచి మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో నేర్పకు. నేర్పిన మాటలు చెప్పే పిల్లలను మేము రెండో ప్రశ్నకే గుర్తుపట్టేవాళ్లం.

పాస్‌పోర్టుకు మాత్రం ఈ తీర్పు కోసం కూర్చోనక్కరలేదు. రెండో వారి అంగీకారం దొరకని సందర్భంలో ఒక్క తల్లే ఇచ్చే డిక్లరేషన్ ఉంది, దాన్ని అనెగ్జర్ సి అంటారు. అది నింపి మర్రిపాలెం ఆఫీసులో ఇవ్వు. పాన్ కార్డుకు కూడా ఒంటరి తల్లి పిల్లల విషయంలో తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి నియమం మారింది. ఇంటిపేరు మార్పు గురించి అడిగావు. ఆకెళ్ల లలిత కేసులో 2022లో సుప్రీంకోర్టు తల్లికి ఆ అధికారం ఉందన్నది, కాని అక్కడ తండ్రి చనిపోయాడు, నీ విషయం అది కాదు. దాన్ని ఈ పిటిషన్‌లో కలపకు. రేపు నువ్వు మళ్లీ పెళ్లి చేసుకుని, ఆ రెండో భర్త బాబును దత్తత తీసుకోవాలంటే కన్నతండ్రి అంగీకారం ప్రశ్న అప్పుడు వస్తుంది, దాన్ని అప్పుడు చూద్దాం.

వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ముందు ఆ రెండు ఉత్తరాలు వేసి, ఆదివారం కాగితాల సంచితో మా ఇంటికి రా. పెళ్లి శుభలేఖ దొరకకపోతే పెళ్లి ఫోటోలు తెచ్చుకో, అవి కూడా అడుగుతారు.

నీ పెద్దమ్మ