మొదట టైర్లు, బ్రేకులు. సస్పెన్షన్ ఫోర్కు వద్దు

మీ బాబాయిగారు 1993లో అమెరికా నుంచి తెచ్చుకున్న క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీలు మౌంటెన్ బైక్ సైకిలు మీ చేతికొచ్చిందని, దానికి సస్పెన్షన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపులకు కుంగి లేచే భాగం), డిస్క్ బ్రేకులు (చక్రం మధ్యనున్న పళ్లేన్ని నొక్కి ఆపేవి) పెట్టించి బెంగళూరులో ఆఫీసుకు తొక్కాలనుందని రాశారు. ఇంచుమించు అదే కాలం నాటి బండి మా మామయ్యది నా దగ్గరుంది. ఆరేళ్లుగా మారతహళ్లి నుంచి ఆఫీసుకు దాని మీదే వెళ్తున్నాను. అందుకే గట్టిగా చెప్తున్నాను, ఆ రెండూ పెట్టించకండి.

ఆ ఫ్రేములు చాలావరకు సస్పెన్షన్ లేని పొట్టి ఫోర్కు కొలతకు కట్టినవి. ఇప్పటి 100 మిల్లీమీటర్ల ట్రావెల్ (కుంగే దూరం) ఉన్న ఫోర్కు బిగిస్తే ముందు భాగం పైకి లేస్తుంది, హ్యాండిల్ మందంగా తిరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఇక డిస్క్ బ్రేకు బిగించే చోటే ఆ ఫ్రేముకు ఉండదు. వెల్డింగ్ చేసిస్తామంటే ఒప్పుకోకండి. పల్చటి గొట్టాలు, వేడికి పాడవుతాయి.

గుంతలకు అసలు మందు టైర్లే. 26 అంగుళాల చక్రానికి 2 అంగుళాల వెడల్పున్న, గుబ్బల్లేని నున్నటి టైర్లు వేయండి. నా బరువు 70 కిలోలు, గాలి 40 పీఎస్ఐ పెడతాను. స్పీడ్ బ్రేకర్ల మీద ఆ తేడా మొదటి రోజే తెలిసింది.

బ్రేకుల విషయంలో నేను దెబ్బ తిన్నాను. పాత కాంటిలివర్ బ్రేకులు (పొట్టి చేతులతో చక్రం అంచును రెండు వైపులా నొక్కేవి) తీసేసి అవే బోల్టులకు వీ-బ్రేకులు (అదే పనిని పొడవాటి చేతులతో చేసేవి) బిగించవచ్చు. నాకు బిగించిన మెకానిక్ హ్యాండిల్ మీది బ్రేకు లివర్లు మాత్రం పాతవే ఉంచేశాడు. వీ-బ్రేకుకు కేబుల్ ఎక్కువ లాగాలి, పాత లివరు అంత లాగదు. నంది హిల్స్ దిగుతుంటే బ్రేకు రబ్బర్లు కాస్త అరిగేసరికి లివరు గ్రిప్పుకు తగిలిపోయింది, బండి మాత్రం ఆగలేదు. కాలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ ఆపాను. లివర్లు కూడా వీ-బ్రేకువే తీసుకోండి, ఇందులో బేరం చూడకండి.

గేర్లు సరిగా పడుతుంటే ముట్టుకోవద్దు. చైను అరిగిపోయి ఉంటే వెనక పళ్ల చక్రాలు కూడా చూపించండి, అవీ అరిగుంటే రెండూ కలిపే మార్చాలి.

ఇవన్నీ కొనకముందు ఒక పని చేయండి. సీటు రాడ్డు కదులుతుందేమో చూడండి. అల్యూమినియం రాడ్డు స్టీలు గొట్టంలో ఏళ్ల తరబడి ఉంటే పట్టేస్తుంది. నాది అలాగే పట్టేసింది. తుప్పు వదిలించే నూనె రాత్రిళ్లు పోసి, నాలుగో రోజు పాత సీటునే పట్టుకుని ఇటూ అటూ తిప్పితే కిర్రుమంటూ కదిలింది. రాడ్డు చుట్టూ సున్నంలా తెల్లటి పొడి. దాన్ని తుడిచి, గ్రీజు రాసి పెట్టాను. ఇప్పుడు ఏటా వానాకాలం ముందు ఒకసారి తీసి మళ్లీ గ్రీజు రాస్తాను.