లాంప్రే ఎప్పుడు మారుతుంది?

పర్లాకిమిడి మాస్టారూ, లాంప్రే అనే దవడల్లేని, పాములాంటి చేప డింభకాల్లో (పిల్లల్లో) ఒకే వయసువైనా కొన్నే ఎందుకు పెద్ద చేపలుగా రూపం మారతాయని అడిగారు. వాటిని మన మహేంద్రతనయ నది ఒడ్డు చిరుకప్పలతో (తోకకప్పలతో) పోల్చడం వల్లే ఈ చిక్కు. సముద్ర లాంప్రే డింభకం ఏళ్ల తరబడి బురదలో పెరిగి, సుమారు 120 మిల్లీమీటర్ల పొడవు, 3 గ్రాముల బరువు, చాలినంత కొవ్వు సంపాదించుకోవాలి. మారేటప్పుడు అది ఏమీ తినదు మరి! ఆపై చలికాలం గడిచి, వసంతంలో నీరు వేడెక్కాలి. ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంచితే మారేవాటి సంఖ్య తగ్గుతుంది.

నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది థైరాయిడ్ సంగతి. చిరుకప్పలో ఆ హార్మోన్లు పెరిగితే మార్పు వస్తుంది. లాంప్రేలో మార్పు మొదలయ్యేసరికి అవి పడిపోతాయి. మీ నోట్సులో ‘వయసు రాగానే’ అన్న మాట కొట్టేయండి.