ఆటిజం, గొంతు, మెదడు: ఇంటర్ బైపీసీ నుంచి ఈ పరిశోధనకు దారి ఉందా?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతున్నాను. మా తమ్ముడికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. అమ్మ కోప్పడినా, ముద్దుగా పిలిచినా వాడిలో తేడా కనిపించదు. మిక్సీ వేస్తే మాత్రం చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. గొంతులోని భావాన్ని ఆటిజం ఉన్నవాళ్ల మెదడు ఎలా తీసుకుంటుందో పరిశోధనలు జరుగుతున్నాయని చదివాను. నాకు అదే చదవాలని ఉంది. నాన్న నీట్ లాంగ్‌టర్మ్ తీసుకోమంటున్నారు. ఎంబీబీఎస్ లేకుండా ఈ పని చేయొచ్చా?

జవాబు: చేయొచ్చమ్మా. ఈ పని చేస్తున్నవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు, కానీ సైకాలజీ, స్పీచ్ అండ్ హియరింగ్, ఇంజినీరింగ్ వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కాబట్టి ఎంబీబీఎస్ రాకపోతే ఈ తలుపు మూసుకుపోతుందన్న భయం ముందు తీసి పక్కన పెట్టు.

కోర్సుల సంగతికి వెళ్లేముందు నువ్వు చదవాలనుకుంటున్నది ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇష్టంతో మొదలుపెట్టి, రోజువారీ పని ఎలా ఉంటుందో తెలియక మధ్యలో నీరుగారిపోయేవాళ్లు ఎక్కువ. మిక్సీకి ఉలిక్కిపడే పిల్లాడు అమ్మ అరుపుకు కదలకపోతే చుట్టాలు "వాడికి ఏమీ పట్టదు" అని తేల్చేస్తారు. అది నిజం కాదు. శబ్దం చెవికి చేరడం ఒకటి, గొంతు మారిందని మెదడు పసిగట్టడం ఇంకొకటి, ఆ మార్పు కోపమని తెలియడం మరొకటి, తెలిసినట్టు ముఖంలో కనిపించడం పూర్తిగా వేరే సంగతి. ఈ నాలుగింట్లో తేడా ఎక్కడ వస్తోందన్నదే అసలు ప్రశ్న. పిల్లాడికీ పిల్లాడికీ జవాబు మారుతుంది కూడా.

దీన్ని పరీక్షించే పద్ధతుల్లో ఒకటి చెప్తాను. పిల్లాడి తలకి ఎలక్ట్రోడ్లున్న టోపీ తొడుగుతారు, తడి కోసం జెల్ పెడతారు, ఎదురుగా శబ్దం లేని కార్టూన్ వేస్తారు. చెవుల్లో మామూలు గొంతుతో "ద... ద... ద..." అని అదే అక్షరం వస్తూ ఉంటుంది. మధ్యలో ఎప్పుడో ఒకసారి అదే "ద" కోపంగానో సంతోషంగానో వస్తుంది. ఆ మార్పు వచ్చాక సెకనులో పదో వంతు నుంచి పావు వంతు లోపే మెదడు తరంగంలో చిన్న దిగుడు కనిపిస్తుంది. దాన్ని మిస్‌మ్యాచ్ నెగటివిటీ అంటారు, ఫిన్లాండ్‌కు చెందిన రిస్టో నాటనెన్ బృందం 1978లో దీన్ని వెలుగులోకి తెచ్చింది. పిల్లాడు జవాబు చెప్పక్కర్లేదు, వినడం మీద ధ్యాస పెట్టక్కర్లేదు, మాటలు రాకపోయినా ఇబ్బంది లేదు. అందుకే ఆటిజం పరిశోధనలో దీనికి అంత విలువ.

మరి ఏం తేలింది? ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు. కొన్ని అధ్యయనాల్లో ఆటిజం ఉన్నవాళ్లలో ఈ తరంగం చిన్నగా వచ్చింది, కొన్నింట్లో సమయం మారింది, కొన్నింట్లో పెద్ద తేడా లేదు. 2004లో ఫ్రాన్స్‌లో చేసిన స్కానింగ్ అధ్యయనంలో మనిషి గొంతుకు స్పందించే మెదడు భాగం ఆటిజం ఉన్నవాళ్లలో ఆ పని చేయట్లేదని కనిపించింది, కానీ అందులో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఐదుగురే. తర్వాత వేరేవాళ్లు చూస్తే ఆ భాగం గొంతుకు స్పందిస్తూనే ఉంది. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పిల్లల్లో ఇంకో విషయం గమనించారు: గొంతును గుర్తించే భాగానికీ, ఆనందం, ఆసక్తి పుట్టించే భాగాలకూ మధ్య అనుసంధానం బలహీనంగా ఉంది. అంటే గొంతు వినపడినా ఆ గొంతు వైపు మనసు లాగకపోవచ్చు. ఇంకోపక్క, తన భావాలను తానే గుర్తుపట్టలేని స్థితి ఒకటుంది, అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఖాతాలో వేసిన ఇబ్బందిలో కొంత దానివల్లేనని చెప్పే అధ్యయనాలున్నాయి. ఇక ఇంగ్లండ్‌లో డామియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో అసలు లోపం ఒకవైపే ఉందని ఎందుకు అనుకోవాలని అడిగాడు. మనకు ఆటిజం ఉన్నవాళ్ల గొంతు అర్థం కాకపోవడాన్ని ఎవరూ జబ్బు అనరు కదా. నా మట్టుకు నాకు ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ మొదట చదవాల్సిన వాదన అదే.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈఈజీ, అంటే పైన చెప్పిన టోపీతో మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష, తీసి, రంగురంగుల బ్రెయిన్ మ్యాప్ చూపించి "ఇదిగో ఆటిజం ఇక్కడుంది, ఇన్ని సెషన్లకు పోతుంది" అనేవాళ్లు దొరుకుతారు. ఆటిజం నిర్ధారణ పిల్లాడి ప్రవర్తన, ఎదుగుదల చూసి చేస్తారు, మెదడు తరంగం చూసి కాదు. మీ నాన్నగారికి కూడా ఈ మాట చెప్పు.

సరే, దారి. నీది బైపీసీ కాబట్టి నా మొదటి ఓటు బీఏఎస్‌ఎల్‌పీకి, అంటే ఆడియాలజీ, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. చెవి, గొంతు, భాష, మెదడు అన్నీ చదువుతావు, పిల్లలతో కూర్చుంటావు, డిగ్రీ అవగానే చేతిలో వృత్తి ఉంటుంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే రెండేళ్ల ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ. మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ చదువుకు పెద్ద పేరు. మన దగ్గరే కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాట ఇబ్బందుల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రవేశాల పద్ధతి సంస్థను బట్టి ఉంటుంది, ఏటా మారొచ్చు కూడా, నోటిఫికేషన్ స్వయంగా చదువు, ఎవరో చెప్పింది నమ్మకు. ప్రైవేటు కాలేజీ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. గుర్తింపు లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ప్రాక్టీస్ లేదు.

రెండో దారి, సైకాలజీ, న్యూరోసైన్స్ లేదా లైఫ్ సైన్సెస్‌తో డిగ్రీ చేసి కాగ్నిటివ్ సైన్స్‌లో, అంటే మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రంలో, ఎమ్మెస్సీ. ఐఐటీ గాంధీనగర్‌లో ఉంది, అలహాబాద్ యూనివర్సిటీలో ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దీనికోసం ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రమే ఉంది. ఈ దారి పరిశోధనకు దగ్గర, ఉద్యోగానికి దూరం. మధ్యలో ఇంటి పరిస్థితి మారితే చేతిలో ఏముంటుందో ఆలోచించుకో. సైకియాట్రిస్ట్ కావాలని, మందులు రాయాలని ఉంటేనే నీట్. ఈ ఏడాది ఎలాగూ ప్రిపేరయ్యావు కాబట్టి రాయి, కానీ ర్యాంకు రాలేదని లాంగ్‌టర్మ్‌లో ఏడాది కూర్చోవడం, నువ్వు కోరుకుంటున్న పనికి అది అవసరం లేనప్పుడు, నేను ఒప్పుకోను. బీఏఎస్‌ఎల్‌పీ చేస్తే ఉద్యోగాలు ఎక్కడని నాన్నగారు అడుగుతారు. ఈఎన్‌టీ విభాగాలున్న ఆస్పత్రులు, స్పెషల్ స్కూళ్లు, పిల్లల్లో ఇబ్బందులను బాల్యంలోనే గుర్తించి చికిత్స చేసే జిల్లాల్లోని ప్రభుత్వ కేంద్రాలు, థెరపీ సెంటర్లు.

తెలుగు వచ్చినదానిగా నీకు ఇక్కడ ప్రత్యేకమైన పని ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2009లో తెలుగు భావాల గొంతుల సేకరణ ఒకటి చేశారు. ఆకాశవాణి విజయవాడ కళాకారులు పదిమంది, ఐదుగురు ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు, మామూలు వాక్యాలే 15 తీసుకుని, వాటినే కోపం, భయం, జాలి, అసహ్యం, సంతోషం, ఆశ్చర్యం, వెటకారం, ఏ భావమూ లేకుండా, ఇలా ఎనిమిది రకాలుగా పలికారు. పదేసి సార్లు. మొత్తం 12,000 రికార్డింగులు. అది కంప్యూటర్లకు నేర్పడానికి చేసిన పని. అన్నం కలుపుతూ అమ్మ విసుక్కునే గొంతు రేడియో కోపంలా ఉండదు, పిల్లలు వినేది ఆ విసుగునే. తెలుగు ఇళ్లలోని ఆ గొంతులతో పిల్లల మెదడు ఏం చేస్తుందో చూడాలంటే ఇక్కడి యాస, ఇక్కడి పలకరింపు తెలిసినవాళ్లు కావాలి.

ఇంకో మాట, కాస్త కష్టంగా ఉంటుందేమో. నువ్వు పరిశోధకురాలివి అయ్యేసరికి మీ తమ్ముడికి ఇరవై దాటతాయి. వాడికి కావలసిన సాయం ఇప్పుడు కావాలి, అది నీ చదువు మీద ఆధారపడకూడదు. వాడి వినికిడి పరీక్ష చేయించకపోతే వెంటనే చేయించండి. ఇంట్లో భావాన్ని గొంతుకే వదిలేయకుండా మాటల్లో చెప్పండి: "అమ్మకు కోపం వచ్చింది, ఎందుకంటే నువ్వు నీళ్లు ఒలకబోశావు" అని, అరవకుండా, చిన్న వాక్యాల్లో. మిక్సీ వేసేముందు వాడికి చెప్పి వేయండి. నువ్వు వాడికి అక్కవి, థెరపిస్టువి కాదు, ఆ బరువు నీ మీద వేసుకోకు.

పరీక్షలయ్యాక ఖాళీ దొరుకుతుంది కదా, నాన్నగారిని వెంటబెట్టుకుని మనోవికాస్‌నగర్ వెళ్లు. ముందు ఫోన్ చేసి అనుమతి తీసుకో. బీఏఎస్‌ఎల్‌పీ చివరి ఏడాది వాళ్లను ఇద్దరిని పట్టుకుని రోజంతా ఏం చేస్తారు, ఎన్ని గంటలు పిల్లలతో, ఎన్ని గంటలు రికార్డులతో గడుస్తాయి, సీనియర్లు ఎక్కడ చేరారు అని అడుగు. బైపీసీ అని లెక్కలు వదిలేయకు, ఈఈజీ అంటేనే తరంగాలు, స్టాటిస్టిక్స్ రాకపోతే ఆ గీతలను ఇంకొకరు చదివి చెప్పాల్సి వస్తుంది. సెలవుల్లో స్టాటిస్టిక్స్ పుస్తకం ఒకటి, వీలైతే కాస్త పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టు.