పుట్టినరోజుకు వచ్చే పిల్లలకు ఇంట్లో చేసిన కానుకలు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఈ శ్రావణంలో మా పాపకు ఆరేళ్లు నిండుతాయి. పుట్టినరోజుకు పాతిక మంది పిల్లలు వస్తారు. కిందటేడు బజారు నుంచి తెచ్చి పంచిన ప్లాస్టిక్ బొమ్మలు సాయంత్రానికే విరిగిపోయాయి కనుక ఈసారి రిటర్న్ గిఫ్టులు ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. మా అత్తగారికి కొబ్బరాకుతో చిలకలు, బూరలు చేయడం వచ్చు. వాటిని వారం ముందే చేసి పెట్టుకోవచ్చా? ఒక్కొక్క సంచిలో రెండు పూతరేకులు కూడా పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: కొబ్బరాకు చిలకలను వారం ముందు అల్లవద్దమ్మా. ఈనె తీసి అల్లిన పచ్చి ఆకు రెండు మూడు రోజుల్లోనే వాడి ముడుచుకుపోతుంది, అల్లిక వదులవుతుంది. శ్రావణపు ముసురులో బూజు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ రోజు ఉదయం ఒక మట్ట కొట్టించి, మీ అత్తగారిని అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లల ఎదుటే అల్లించండి. ఎవరి బూర వారు ఊదుకుంటూ తిరుగుతారు. మర్నాటికి అది ఎండిపోయినా ఎవరికీ బాధ ఉండదు.

ఇంటికి తీసుకువెళ్లడానికి మాత్రం నిలిచే వస్తువు కావాలి. నన్నడిగితే అష్టాచెమ్మా గుడ్డ కుట్టమంటాను. 36 అంగుళాల పన్నా ఉన్న తెల్లని నూలు గుడ్డ మూడు మీటర్లు తీసుకుంటే, అడుగు చదరం చొప్పున 27 ముక్కలు వస్తాయి; కత్తిరించే ముందు ఒకసారి ఉతికి గంజి వదిలించండి, కుదింపు వల్ల ముక్క అర అంగుళం తగ్గినా నష్టం లేదు. రెండేసి అంగుళాల గళ్లు అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు రావాలంటే ఒక్కో గుడ్డకు పన్నెండు గీతలు పడతాయి. బాల్‌పెన్నుతో గీస్తే మొదటి ఉతుకుకే అలుక్కుపోతుంది కనుక కుట్టు మిషను మీద రంగు దారంతో గీతలు నడిపించడం మేలు. నాలుగు వైపులా నడిమి గళ్లకూ, మధ్య గడికీ ఇంటూ గుర్తులు వేస్తే పలక సిద్ధమైనట్టే.

గవ్వలకు బదులు చింతపిక్కలు చాలు. పిక్కలను కడిగి నీళ్లలో వేసి, తేలినవి పుచ్చినవి కనుక పారేసి, మునిగినవాటిని ఎండబెట్టండి. ఆపైన ఒక్కొక్క పిక్కను ఒకవైపు మాత్రమే గచ్చు మీద తెల్లని పప్పు కనబడేదాకా అరగదీయాలి. సంచికి నాలుగు చొప్పున పాతిక సంచులకు వంద పిక్కలు కావాలి, అంటే రెండు మధ్యాహ్నాల పని. వేలి గోరు కూడా కొంత అరుగుతుంది. గచ్చుకు రుద్దిన పిక్క చురుక్కుమనేంత వేడెక్కుతుందని మన చిన్నప్పుడు పక్కవాళ్ల చేతి మీద పెట్టి మరీ తెలుసుకున్నాం కాబట్టి, ఈ పనిలో మీ పాపను కూర్చోబెట్టుకున్నా ఒక కన్ను వేసి ఉంచండి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా అని చిన్న కాగితం మీద రాసి సంచిలో వేయండి, ఈ ఆట తెలియని ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. కాయలుగా ఇద్దరు ఆడుకోవడానికి నాలుగు గోధుమరంగు పిక్కలు, నాలుగు చొక్కా గుండీలు వేస్తే సరిపోతుంది.

అందంగా ఉన్నాయని గురివింద గింజలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. పెంకు పగిలిన గురివింద గింజ ప్రాణాంతకమైన విషం. ఆముదం గింజలదీ అదే దారి. మూడేళ్ల లోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు వెంట వస్తే వారికి పిక్కలు, గుండీలు ఉన్న సంచి ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. వారి కోసం మిగిలిన గుడ్డ పేలికలు కూరి మెత్తని బంతులు కుట్టి ఉంచండి.

సంచి మూతికి తాడు కావాలి కదా. మీకు నరసాపురం దగ్గరే కనుక లేసు అల్లే ఆడవారు తెలిసే ఉంటారు. క్రోషా సూదితో గొలుసు అల్లిక తాళ్లు పాతిక వేయించుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని ఇప్పటికీ ఇంటి అరుగుల మీదే సాగుతోంది, కూలీ మాత్రం తక్కువ. తెలిసినవారు కదా అని ఊరికే అల్లించుకోకుండా, అడిగినదానికంటే నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వండి.

ఇక పూతరేకుల సంగతి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులైనా, మీ ఇంట్లో చుట్టినవైనా వాటికి పడనిది తేమ. పొద్దున సంచిలో పెట్టిన రేకు సాయంత్రానికి మెత్తబడుతుంది, దాని నెయ్యి గళ్ల గుడ్డంతా మరక చేస్తుంది, పిల్లలు సంచిని ఊపుకుంటూ నడిస్తే మిగిలేది పొడి. వాటిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచి, పిల్లలు గుమ్మం దాటే ముందు కాగితంలో చుట్టి చేతికే ఇవ్వండి; చాలామంది వీధి మలుపు తిరగకముందే తినేస్తారు.