శరణార్థిని కాపాడమని కన్ఫ్యూషియస్ సంప్రదాయం చెబుతుందా?

చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ నీతి అంతా తండ్రీకొడుకుల చుట్టూ, రాజు చుట్టూ తిరుగుతుంది కదా, అందులో శరణార్థికి చోటెక్కడ అని అడిగారు. చోటుంది. అయితే కన్ఫ్యూషియస్ దగ్గర కన్నా, ఆయన చనిపోయిన సుమారు వందేళ్లకు పుట్టి ఆయన బాటలోనే నడిచిన తత్వవేత్త మెన్షియస్ దగ్గర వెతకాలి.

బావిలో పడబోయే పసివాడిని చూస్తే ఎవరి గుండైనా కలుక్కుమంటుందన్న మెన్షియస్ ఉదాహరణ అందరూ చెప్పేదే. నాకు ఎద్దు కథ ఎక్కువ ఇష్టం. ప్రాచీన చైనాలో చి రాజ్యాన్ని ఏలే షువాన్, బలికి తోలుకుపోతున్న ఎద్దు వణుకు చూడలేక దాన్ని వదిలేసి గొర్రెను బలి ఇమ్మంటాడు. జనం పిసినారి అనుకున్నారు. ఎద్దును చూశారు, గొర్రెను చూడలేదు, అంతే అంటాడు మెన్షియస్. ఆ వెంటనే నిలదీస్తాడు: పశువు దాకా వెళ్లిన దయ ప్రజల దాకా ఎందుకు రాలేదు? చేతకాక కాదు, చేయక. మీ ఇంటి పెద్దలకిచ్చే గౌరవాన్ని ఇతరుల పెద్దల దాకా తీసుకెళ్లండి అంటాడు.

2018లో నేను ఉద్యోగరీత్యా, కన్ఫ్యూషియస్ సంప్రదాయం పాతుకున్న దక్షిణ కొరియాలో, సియోల్‌లో ఉన్నాను. ఆ ఏడాది 500 మందికి పైగా యెమెన్ వాళ్లు అప్పట్లో తమకు వీసా అక్కర్లేని ఆ దేశపు జెజు ద్వీపంలో దిగి ఆశ్రయం కోరారు. దానికి వ్యతిరేకంగా అధ్యక్ష కార్యాలయానికి పెట్టిన అర్జీపై 7 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. మా ఆఫీసులో సంతకం పెట్టినవాళ్లు తల్లిదండ్రులంటే ప్రాణం పెట్టేవాళ్లే. ముందు మన పిల్లల సంగతి చూడాలి కదా అనేవారు. ప్రేమకు వరస ఉంటుందన్నదీ ఆ సంప్రదాయమే మరి! వాళ్లలో ఒక్కరూ యెమెన్ మనిషిని చూసి ఎరగరు.

ఆ తర్వాత జెజు వెళ్లినప్పుడు, ఒక చిన్న చేపల హోటల్లో యెమెన్ కుర్రాడు గిన్నెలు కడుగుతున్నాడు. యజమానురాలు డెబ్బై దాటిన అవ్వ. పంది మాంసం తగలకుండా వేరే గిన్నెలో వండిపెట్టి, తినేదాకా పక్కనే నిలబడి గదమాయిస్తోంది. టీవీ చూసి మొదట తనూ భయపడిందట. మరెందుకు పనిలో పెట్టుకున్నారని వచ్చీరాని కొరియన్‌లో అడిగాను. జెజులో 1948లో మొదలైన మారణకాండలో తన పెదనాన్న పడవెక్కి జపాన్‌లోని ఒసాకా పారిపోయాడనీ, అక్కడెవరో అన్నం పెట్టబట్టే బతికాడనీ చెప్పింది. మెన్షియస్ అడిగింది సరిగ్గా ఇదే.

కానీ అవ్వ వీసా ఇవ్వలేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో కొరియా 1992లోనే చేరింది, 2013 నుంచి సొంత చట్టమూ అమల్లో ఉంది. అయినా ఆ యెమెన్ వాళ్లలో దరఖాస్తు పరిశీలనకొచ్చిన 484 మందిలో శరణార్థి హోదా దక్కింది ఇద్దరికే. 412 మందికి మానవతా దృష్టితో తాత్కాలిక నివాసం ఇచ్చారు. ఒప్పందం ఉన్నచోటే ఇలా ఉంటే, మెన్షియస్ ఒక్కడితో పని జరగదు. రాజును సిగ్గుపడేలా చేయడం ఆయనకు బాగా తెలుసు. రాజు సిగ్గుపడకపోతే అర్జీ ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆయన చెప్పడు.